పాత పనిముట్ల పెట్టె: వెతికి తెచ్చుకోవడం నుంచి మళ్ళీ పనిలో పెట్టేదాకా

ఏడేళ్ళ కిందట గుంటూరులో ఒక వడ్రంగి మేస్త్రి గారి ఇంటికి వెళ్ళాను. ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది. వసారాలో గోనెసంచి కప్పిన టేకు పెట్టె ఉంది. బేరం కుదిరాక ఆయన భార్య మూత ఎత్తి చూపించి, "పెట్టె తీసుకెళ్ళు బాబూ, లోపలి అమ్మవారి బొమ్మ మాత్రం గోకెయ్యకు. పొద్దున్నే దానికి దణ్ణం పెట్టుకున్నాకే ఆయన ఉలి పట్టుకునేవారు" అన్నారు.

మూత లోపల రంగు వెలిసిన కనకదుర్గమ్మ క్యాలెండరు బొమ్మ. దాని పక్కన పెన్సిల్‌తో రాసుకున్న గుమ్మాల కొలతలు, అన్నీ అడుగులు అంగుళాల్లోనే. కిందివైపు ఏటా దసరాకి పెట్టిన పసుపు కుంకుమ బొట్లు, వరసగా, కొన్ని గట్టిపడి పెచ్చులు కట్టాయి. ముందు అంచు మధ్యలో, మూత ఎత్తేటప్పుడు చెయ్యి ఆనే చోట, చెక్క నాలుగు వేళ్ళ వెడల్పున పల్లంగా, నున్నగా అరిగిపోయింది. ఆ పల్లంలో నా వేళ్ళు పెడితే సరిగ్గా సరిపోయాయి.

అప్పటిదాకా నాకు పాత పెట్టె బాగుచేయడమంటే గీకి, రుద్ది, కొత్త రంగు కొట్టి మెరిపించడమే. అలా ఒక రైల్వే పెట్టె మీద స్టెన్సిల్ అక్షరాల్ని ఎమిరీ పేపర్‌తో పూర్తిగా అరగదీసేశాను. అవి ఏ రైల్వేవో, ఏ షెడ్డువో ఇక తెలిసే దారి లేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. గుంటూరు పెట్టె దగ్గర్నుంచి ప్రతి పెట్టెనీ ముందు పెట్టుకుని ఒకటే అడుగుతున్నాను: ఇందులో ఏది మురికి, ఏది పనిచేసిన మనిషి గుర్తు? మురికి పోవాలి, గుర్తు ఉండాలి. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

ఏం దొరుకుతాయి, ఎక్కడ దొరుకుతాయి

మన వైపు ఎక్కువగా కనిపించేవి వడ్రంగుల చెక్క పెట్టెలు, మెకానిక్కుల రేకు పెట్టెలు. రేకు పెట్టె అంటే, పిడి పట్టుకుని రెండు వైపులకీ లాగితే అరలు రెక్కల్లా విచ్చుకునేది. అరుదుగా దొరికేది ఫిట్టర్లు, టర్నర్లు వాడిన సొరుగుల పెట్టె. సన్నటి కొలతలు తీసే మైక్రోమీటర్లు, గేజ్‌లు దాచుకోవడానికి చిన్నచిన్న సొరుగులు, అడుగున ఆకుపచ్చ ఫెల్టు గుడ్డ. ముందు పలక తీసి సొరుగుల కింద సందులోకి తోసేయొచ్చు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో 1906లో మొదలైన గెర్స్ట్‌నర్ వాళ్ళ చెక్క పెట్టెలు, అదే రాష్ట్రంలో 1911లో మొదలైన కెన్నెడీ వాళ్ళ గోధుమరంగు రేకు పెట్టెలు ఈ రకానికి పెద్ద పేర్లు. అవి మన చేతికి చిక్కడం కష్టం. నా మటుకు నాకు, వాటి తీరులో ఇక్కడి మేస్త్రులే టేకుతో చేసుకున్న పెట్టెలంటే ఎక్కువ ఇష్టం. సొరుగు తీసి చూస్తే, ఎవరి చేతివాటం వాళ్ళదే.

విజయవాడలో వెతకాలంటే ఆటోనగర్‌తో మొదలుపెట్టండి. పాత ఇనుప కొట్లలో రేకు పెట్టెల్ని కిలోల లెక్కన అమ్ముతారు, కాబట్టి తుక్కు ధర తెలుసుకుని వెళితే బేరం తేలిక. పొద్దున్నే వెళ్ళాలి. మధ్యాహ్నానికి బాగున్నవి ఎవరో ఒకరు ఏరుకుపోతారు. చెక్క పెట్టెలకు వన్‌టౌన్‌లో పాత ఇళ్ళు పడగొట్టేచోట, ఆ కలప కొనే అడితీల్లో అడిగిపెట్టండి. గుంటూరు చుట్టుపక్కల మూతపడిన జిన్నింగు మిల్లులు, రైసు మిల్లులు, పొగాకు బ్యారన్లు ఉన్న ఊళ్ళలో మిల్లు ఫిట్టర్ల పెట్టెలు దొరుకుతాయి. అన్నిటికన్నా మంచి దారి మాత్రం, పని మానేసిన పెద్ద మేస్త్రుల్ని పలకరించడం. కాసేపు కూర్చుని ఆయన పని గురించి మాట్లాడాలి. పెట్టె ఆయన ఇస్తానంటేనే అడగాలి.

రైల్వే గుర్తులున్న పెట్టెల విషయంలో జాగ్రత్త తప్పనిసరి. రైల్వే ఆస్తిని అక్రమంగా ఉంచుకోవడం మీద 1966 నాటి చట్టం ఒకటి ఉంది. రైల్వే తన తుక్కుని వేలంలోనే అమ్ముతుంది. వేలంలో పాడుకున్న వ్యాపారి దగ్గరే కొని, బిల్లు అడిగి తీసుకుని, దాని నకలు పెట్టెలోనే పెట్టుకోండి.

వయసు ఎలా పోల్చుకోవాలి

రైల్వే పెట్టెల వయసు కట్టడం తేలిక. బెజవాడ మీద నడిచిన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే 1951 ఏప్రిల్‌లో సదరన్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న సౌత్ సెంట్రల్ రైల్వే ఏర్పడినప్పుడు విజయవాడ డివిజన్ అందులోకి వచ్చింది. కాబట్టి మరాఠా రైల్వే పొడి అక్షరాలుంటే 1951కి ముందుది. సదరన్ రైల్వే అని ఉంటే ఆ మధ్య పదిహేనేళ్ళది, లేదా వేరే డివిజన్ నుంచి వచ్చింది.

రేకు పెట్టె మీద తయారీదారు చిరునామా ఉంటే పిన్‌కోడ్ ఉందేమో చూడండి. పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. 520తో మొదలయ్యే విజయవాడ నంబరో, 522తో మొదలయ్యే గుంటూరు నంబరో కనిపిస్తే పెట్టె అంతకన్నా పాతది కాదు. నక్షత్రం గాడి ఉన్న మరలు 1930ల తర్వాతే వచ్చాయి. పాత చెక్క పెట్టెకి ఒక్క బందుకే అవి ఉంటే, ఆ బందు తర్వాత మార్చారని అర్థం. అలాగని ఒక్క గుర్తును పట్టుకుని తీర్పు చెప్పకండి. రెండు మూడు గుర్తులు ఒకే మాట చెప్పాలి.

కొనేముందు పదినిమిషాలు

పెట్టెను బోర్లా తిప్పించండి. పైన ఎంత మెరిసినా, అడుగు అబద్ధం ఆడదు. చెక్క పెట్టెల అడుగు పలకే ముందు చెదలు తింటుంది. పిడికిలితో తడితే గట్టి శబ్దం రావాలి, బోలుగా పలికితే లోపల తినేసినట్టే. గుండుసూది తల అంత రంధ్రాలు, వాటి కింద సన్నటి పిండి రాలి ఉంటే పుప్పి పురుగు ఇంకా బతికే ఉంది. ఇంటికి తెస్తే మీ మంచాలకీ కిటికీలకీ అంటుకుంటుంది. పిండి లేని పాత రంధ్రాలకు అంత టెన్షన్ అక్కర్లేదు.

2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత విజయవాడ కొట్లలోకి నీళ్ళలో నానిన పెట్టెలు చాలా వచ్చాయి. మూలల్లో, మరల గాడుల్లో బూడిదరంగు ఒండ్రు కనిపిస్తే పట్టేయొచ్చు. వాటిని కొనకూడదని కాదు. అతుకులు విడిపోయి ఉంటాయని, రేకు మడతల్లో తుప్పు దాగి ఉంటుందని లెక్కేసుకుని బేరమాడాలి.

రేకు పెట్టెలో పైపైన తుప్పు భయపడాల్సిందేం కాదు. అడుగు రేకు మీద స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే లోపలికి దిగిపోతే మాత్రం వదిలేయండి. చెక్క సొరుగుల పెట్టెలో ఒక సొరుగు తక్కువైతే కొత్తది చేయించడానికి పెట్టె ధరంత ఖర్చవుతుంది.

ఇంటికి తెచ్చిన రోజు

మొదటి రోజు ఏమీ చేయకండి. ఎండలో, నాలుగు వైపుల నుంచీ, లోపలా బయటా ఫోటోలు తీయండి. సెల్‌ఫోన్ టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేస్తే మామూలుగా కనిపించని గీతలు, అక్షరాలు పైకి తేలతాయి. పేరో, పొడి అక్షరాలో, కొలతలో ఉంటే వాటి చుట్టూ మాస్కింగ్ టేపు వేసి పక్కన పెట్టండి. మూలల్లో పేరుకున్న చెత్తను కూడా కాగితం మీద దులిపి చూడండి. నాకు గుంటూరు పెట్టె అడుగున రంపపు పొట్టు మధ్య ఒక అరిగిన ఇత్తడి మర దొరికింది. అది మూత గొళ్ళానిదే.

తర్వాత మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. చెక్కకు నీళ్ళు తగలనీయొద్దు. టర్పెంటైన్‌లో తడిపి పిండిన గుడ్డతో తుడిస్తే ఏళ్ళనాటి జిడ్డు దిగుతుంది. కంపు కొట్టే పెట్టెను రెండు రోజులు నీడలో మూత తీసి ఉంచి, గిన్నెలో బొగ్గులు పెడితే చాలావరకు పోతుంది. మే నెల విజయవాడ ఎండలో నేరుగా పెట్టకండి. పలకలు వంకర్లు పోతాయి.

పుప్పి ఉంటే, బోరాక్స్‌ను వేడినీళ్ళలో కరిగినంత కరిగించి, పాలిష్ లేని లోపలివైపు చెక్కకు బ్రష్‌తో పట్టించి ఆరనివ్వాలి. చెక్కకు నీళ్ళు తగలాల్సింది ఇక్కడ, తర్వాత చెప్పే సరేసు అతుకుల దగ్గర మాత్రమే. రంధ్రాల్లోకి సిరంజితో ఎక్కించండి. ఆరు వారాలు నల్లకాగితం మీద పెట్టి ఉంచితే కొత్త పిండి రాలుతోందో లేదో తెలిసిపోతుంది.

తుప్పు

ఎక్కువమంది తొందరపడి పాడుచేసేది ఇక్కడే, అందుకని కాస్త వివరంగా చెబుతాను. ముందు, మిగుల్చుకోవాల్సిన రంగు ఉందా లేదా చూసుకోండి. పాత రంగు, అక్షరాలు ఉన్న పెట్టెకు కిరోసిన్‌లో ముంచిన అతి సన్నటి స్టీల్ ఊలుతో, అక్షరాలకు దూరంగా, మెల్లగా రుద్దడమే. చెయ్యి నొప్పి పుడుతుంది, రెండు మూడు రోజులు పడుతుంది. ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

బందులు, గొళ్ళాలు, మూల పట్టీల్లాంటి చిన్న ఇనుప భాగాలకు నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ పొడి, చాలు. లీటరు నీళ్ళకు యాభై గ్రాములు. రాత్రి నానబెట్టి పొద్దున్నే పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. రోజుల తరబడి వదిలేస్తే ఆమ్లం మంచి ఇనుమునే కొరికేస్తుంది. తీసిన వెంటనే వంటసోడా నీళ్ళలో ముంచి, కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి నూనె రాయాలి. పది నిమిషాలు ఆలస్యమైతే నారింజరంగు కొత్త తుప్పు కళ్ళ ముందే లేస్తుంది. స్ప్రింగులు, గట్టిపరచిన ఉక్కు ముక్కలు ఆమ్లంలో వేయొద్దు, పెళుసెక్కుతాయి. జింక్ పూత ఉన్న రేకును కూడా వేయొద్దు, పూత కరిగిపోతుంది.

రంగు పూర్తిగా పోయి తుప్పు మాత్రమే మిగిలిన రేకు అరలకు కరెంటు పద్ధతి అన్నిటికన్నా మంచిది. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు పోసి, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా బట్టలసోడా కలపండి. తుప్పు పట్టిన అరను తీగతో వేలాడదీసి 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు నెగెటివ్ తీగ తగిలించండి. పాజిటివ్ తీగ తుక్కు ఇనుప పలకకు. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. స్విచ్ వేయగానే అర చుట్టూ సన్నటి బుడగలు లేవడం మొదలవుతుంది. ఒక రాత్రికి తుప్పు నల్లటి మెత్తటి బురదగా మారి బ్రష్‌కే ఊడొస్తుంది, కింది ఇనుము మాత్రం అరగదు. పలకకు ఎదురుగా ఉన్న వైపే బాగా శుభ్రమవుతుంది కాబట్టి మధ్యలో అరను తిప్పి పెట్టాలి, లేదా చుట్టూ రెండు మూడు పలకలు వేలాడదీయాలి. కొత్తరకం ఆటోమేటిక్ ఛార్జర్లు బ్యాటరీ లేకపోతే ఆన్ కావు. బ్యాటరీ కొట్లలో పాతరకం ఛార్జరు అడగండి.

ఇక ప్రమాదాలు. పాజిటివ్ పలకగా స్టెయిన్‌లెస్ స్టీల్ ఎప్పుడూ పెట్టొద్దు, అందులోని క్రోమియం విషపు రసాయనంగా మారి నీళ్ళలోకి దిగుతుంది. సోడాకు బదులు ఉప్పు వేయొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. ఆ బుడగల్లో ఉండేది హైడ్రోజన్, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. కాబట్టి డాబా మీదో పెరట్లోనో చేయండి, బీడీ సిగరెట్లు దగ్గరికి రానీయొద్దు. స్విచ్ ఆపకుండా డ్రమ్ములో చెయ్యి పెట్టొద్దు. ఇత్తడి, అల్యూమినియం భాగాలు ఈ డ్రమ్ములో వేయకూడదు.

పాత రంగు

మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి ఏ పెట్టె రంగులోనైనా సీసం ఉందనే అనుకుని పనిచేయండి. పొడిగా రుద్దొద్దు, మంటతో కాల్చొద్దు. నీళ్ళలో తడిపి వాడే వాటర్ పేపర్‌తోనే, మంచి మాస్కు కట్టుకుని రుద్దండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పని ఇంట్లో చేయనే వద్దు. రాలిన తడి ముద్దను కాగితంతో ఎత్తి కవర్లో కట్టేయండి. ఆ బట్టలు విడిగా ఉతకాలి.

కొత్త రంగు తప్పదనుకుంటే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు ఒక పూత, పైన పాత రంగుకు దగ్గరి ఎనామిల్ రెండు పలచటి పూతలు వేయండి. పాత అక్షరాల చుట్టూ నాలుగు వేళ్ళ మేర పాత రంగునే వదిలేయండి. అతుకు కనిపిస్తుంది, కనిపించనివ్వండి.

చెక్క, అతుకులు, బందులు

పాత పెట్టెల్లో అతుకులకు వాడింది చాలాసార్లు సరేసు, అంటే తోలు, ఎముకలు ఉడకబెట్టి తీసిన జిగురు. దాని గొప్పతనం ఏమిటంటే, వేడినీళ్ళ గుడ్డ కాసేపు ఆనిస్తే కరుగుతుంది, కొత్త సరేసు పాతదాని మీదే అంటుకుంటుంది. ఫెవికాల్ అలా కాదు. పాత జిగురు మీద సరిగ్గా పట్టదు, పట్టాక రేపెవరైనా విప్పాలంటే చెక్క చీలాలి. అందుకే వదులైన అతుకులకు సరేసే వాడండి. విరిగిన చోట అతుకు వేయాలంటే పడగొట్టిన ఇళ్ళ నుంచి వచ్చే పాత టేకు ముక్క తెచ్చుకోండి. కొత్త టేకు పక్కన పెడితే రంగు కలవదు.

బిగుసుకున్న మరను బలవంతంగా తిప్పితే గాడి చెడుతుంది. ముందు గాడిలోని మట్టి సూదితో తీసి, సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్ ఎంచుకోండి. సోల్డరింగ్ ఐరన్ మొనను మర తల మీద ఒక నిమిషం ఆనించి, చల్లారాక మొదట కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు తిప్పండి. తీసిన మరల్ని ఏ రంధ్రానివి ఆ రంధ్రానికే, అట్టముక్క మీద బొమ్మ గీసి గుచ్చి పెట్టుకోండి. తాళంలో నూనె పోస్తే దుమ్ము పట్టి మళ్ళీ బిగుస్తుంది. పెన్సిల్ ముక్కు పొడి చాలు. ఇత్తడి మూలల్ని చింతపండుతో తోమాలనిపిస్తే పెట్టె నుంచి విప్పాకే తోమండి. పులుపు చెక్కకు తగిలితే మచ్చ పడుతుంది.

పాలిష్

పాత పాలిష్ ఏమిటో తెలుసుకోవడానికి కనపడని చోట ఒక చుక్క స్పిరిట్ వేయండి. మెత్తబడి వేలికి అంటుకుంటే అది లక్క పాలిష్. అలాగైతే గీకాల్సిన పనే లేదు, పలచటి కొత్త లక్క పాతదానిలో కలిసిపోతుంది. లీటరు స్పిరిట్‌కు 120 గ్రాముల లక్క పెచ్చులు రాత్రి నానబెట్టి, పొద్దున పలచటి గుడ్డలో వడకట్టండి. మెత్తటి దూదిని నూలు గుడ్డలో మూటకట్టి, దాంతో ఒకే దిక్కుగా, ఆగకుండా రాయండి. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. గాలిలో తేమకు లక్క తెల్లగా పాలిపోతుంది. మనకు సంక్రాంతి నుంచి ఉగాది దాకా మంచి కాలం.

అవిసె నూనె వాడేవాళ్ళు ఒకటి మరచిపోవద్దు. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్లో ముంచేయండి. చెయ్యి ఆని అరిగిన పల్లం దగ్గర మాత్రం నేను లక్క వేయను. అక్కడ కొంచెం తేనెమైనం రుద్ది గుడ్డతో మెరుగు పెడతాను, అంతే.

లోపలి భాగం

సొరుగుల్లో కొత్త ఫెల్టు వేయాలంటే అడుగుకు అంటించకండి. అట్ట మీద అంటించి, ఆ అట్టను సొరుగులో దించండి. తేమ పడితే తీసి ఆరబెట్టుకోవచ్చు. పనిముట్లకు కుట్టుమిషన్ నూనె రాయండి, వంటనూనెలు జిగురుకట్టి తుప్పుకే సాయం చేస్తాయి. వానాకాలంలో పెట్టెను నేల మీద, గోడకు ఆనించి ఉంచకూడదు. రెండు చెక్క దిమ్మల మీద, గోడకు బెత్తెడు దూరంలో పెట్టి, లోపల సిలికా జెల్ పొట్లాలు వేయండి. నెలకోసారి మూత తీసి గాలి తగలనివ్వండి.

మూత లోపల కాగితం బొమ్మ ఉంటే దాని మీద వార్నిష్ గానీ లక్క గానీ వేయొద్దు. కాగితం పసుపెక్కి పారదర్శకంగా అయిపోతుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము తీసి, లేచిన అంచుల కింద పలచటి మైదా జిగురు పుల్లతో రాసి, పైన బట్టర్ పేపరు పెట్టి బరువు ఆనించాలి. ఆరాక బొమ్మకన్నా అంగుళం పెద్దదైన పారదర్శక పాలియెస్టర్ షీటును, బొమ్మకు తగలకుండా అంచుల బయట చిన్న ఇత్తడి పిన్నులతో బిగించాలి. గుంటూరు పెట్టెకు అలాగే చేసి, ఫోటో తీసి ఆ అమ్మకు పంపాను. ఇప్పుడు అందులో మా ఇంటి ఉలులు, చిత్రిక, మూలమట్టం ఉంటున్నాయి. దసరాకి కొత్త బొట్టు షీటు మీద పెట్టను, కింద చెక్క మీద, ఆయన పెట్టిన వరస ఎక్కడ ఆగిందో దాని పక్కన పెడతాను.